నాన్నగారికి 8 నెలలుగా ఆగని ఏఎఫ్: అబ్లేషన్ ఇప్పుడే చేయించాలా, ఆగవచ్చా?

మీరు రాసిందాన్ని ముందు ఒకసారి కుదించి చెబుతాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. నాన్నగారికి 61 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, అంటే గుండె పై గదులైన కర్ణికలు లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకోవడం) 8 నెలలుగా ఆగకుండా నడుస్తోంది. ఒకసారి షాక్ ఇచ్చి లయ సరిచేస్తే మూడు వారాలకే మళ్లీ మొదలైంది, లయ నిలిపే మందు అమియోడరోన్ వాడుతున్నా నిలవడం లేదు. ఎకోలో ఎడమ కర్ణిక 45 మి.మీ., పంపింగ్ (గుండె నిండిన రక్తంలో ఒక్కోసారి బయటికి పంపే వాటా) 45 శాతం. ఈపీ డాక్టర్, అంటే గుండె లయ నిపుణులు, కాథెటర్ అబ్లేషన్ (సన్నటి గొట్టాలు గుండెలోకి పంపి ఏఎఫ్‌కి కారణమయ్యే చోట్లను నిర్వీర్యం చేయడం) చేద్దామన్నారు. మీరు అడిగినవి నాలుగు: చేయిస్తే పూర్తిగా పోతుందా, తర్వాత రక్తం పలచబడే మందు ఆపేయవచ్చా, కొత్తగా వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతి ఉన్న చోటికే వెళ్లాలా, ఒక ఏడాది ఆగి చూస్తే ఏమవుతుంది.

నేను చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. రిపోర్టులు చేతిలో లేకుండా తుది మాట ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. కానీ మీరు ఇచ్చిన వివరాలను బట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఏడాది ఆగడం మంచిది కాదు. మీరు చివర్లో అడిగిన ఆ ప్రశ్నే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది, అందుకే దాంతోనే మొదలుపెడతాను.

ఏఎఫ్ దానంతట అది వారంలోపు ఆగిపోతుంటే పారాక్సిస్మల్ అంటాం. ఏడు రోజులు దాటి నడిస్తే పర్సిస్టెంట్. ఏడాది దాటితే దీర్ఘకాల పర్సిస్టెంట్. ఇవి ఏదో కాగితం మీద పెట్టుకున్న పేర్లని చాలామంది అనుకుంటారు గానీ, కర్ణిక గోడలో జరిగే మార్పులకీ ఈ కాలానికీ గట్టి సంబంధం ఉంది. 1995లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు మేకల గుండెల్లో కృత్రిమంగా ఏఎఫ్ పుట్టించి చూశారు. మొదట్లో కొన్ని క్షణాల్లోనే ఆగిపోయేది, అలా పుట్టిస్తూ పోతే రోజులు గడిచేకొద్దీ ఇంకా ఇంకా ఎక్కువసేపు నిలవడం మొదలుపెట్టింది, చివరికి ఆగడమే మానేసింది. అంటే ఏఎఫే మరింత ఏఎఫ్‌ని తయారు చేస్తుంది. మనుషుల్లోనూ ఇదే వరస: కండర కణాల విద్యుత్ స్వభావం మారుతుంది, కణాల మధ్య పీచులాంటి మచ్చ కణజాలం పేరుకుంటుంది, గది సాగుతుంది, సాగిన గదిలో ఏఎఫ్ ఇంకా సులువుగా నిలబడుతుంది. 8 నెలల దగ్గర ఉన్న మనిషి ఇంకో ఏడాది ఆగితే 20 నెలల మనిషి అవుతారు. అప్పుడు అదే డాక్టరు అదే పరికరంతో అదే పని చేసినా ఫలితం ఇంత బాగా ఉండే అవకాశం తక్కువ. నా దృష్టిలో ఇక్కడ ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది అబ్లేషన్ చేసే ల్యాబ్‌లో ఉన్న మెషీన్ కన్నా, నాన్నగారి కర్ణిక ఏ స్థితిలో ల్యాబ్‌లోకి వచ్చింది అన్నదే. 45 మి.మీ. అంటే పెరిగిందే, కానీ చేయి దాటిపోయిన సైజు కాదు.

ఆగకూడదని నేను అనడానికి రెండో కారణం ఆ 45 శాతం పంపింగ్. మీరు దాన్ని మధ్యలో ఒక మాటగా రాసి వదిలేశారు, నేనైతే మొట్టమొదట చూసేది అదే. ఏఎఫ్ రాకముందు ఎకో ఏదైనా ఉంటే వెతకండి. అప్పుడు 60 ఉండి ఇప్పుడు 45 అయితే, రక్తనాళాల్లో అడ్డంకులు లేవని తేలితే, పంపింగ్ తగ్గడానికి ఏఎఫే కారణం కావచ్చు. నెలల తరబడి అడ్డదిడ్డంగా, వేగంగా కొట్టుకున్న గుండె అలసిపోతుంది, లయ సరిచేస్తే చాలా సందర్భాల్లో కోలుకుంటుంది. 2017లో వచ్చిన కామెరా ఎంఆర్ఐ అనే చిన్న అధ్యయనం సరిగ్గా ఇలాంటివాళ్ల మీదే చేశారు: పర్సిస్టెంట్ ఏఎఫ్, తగ్గిన పంపింగ్, వేరే కారణం కనిపించనివాళ్లు. వేగం మందులతో అదుపులో పెట్టినవాళ్లలో పంపింగ్ సగటున 4 పాయింట్లు పెరిగితే, అబ్లేషన్ చేయించుకున్నవాళ్లలో 18 పాయింట్లు పెరిగింది. నాన్నగారి కన్నా బాగా బలహీనమైన గుండెలున్నవాళ్ల మీద, అంటే పంపింగ్ 35 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ల మీద, 2018లో కాజిల్ ఏఎఫ్ అనే అధ్యయనం వచ్చింది. అందులో మరణం గానీ హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడం గానీ మందుల వర్గంలో 44.6 శాతం మందికి జరిగితే అబ్లేషన్ వర్గంలో 28.5 శాతం మందికి జరిగింది. ఈ రంగంలో ఇంత స్పష్టమైన తేడా తరచుగా కనిపించదు.

అందరికీ ఇలాగే అని మాత్రం అనుకోవద్దు. 2019లో వచ్చిన కబానా అధ్యయనంలో 2,204 మంది ఉన్నారు, ఎక్కువమందికి పంపింగ్ బాగానే ఉంది. అక్కడ అబ్లేషన్ వల్ల ఆయుష్షు పెరిగిందని నిరూపణ కాలేదు, జీవన నాణ్యత మాత్రం మెరుగైంది. కాబట్టి ఎవరైనా మీతో అబ్లేషన్ చేయించుకుంటే ఎక్కువ ఏళ్లు బతుకుతారని గుడ్డిగా చెబితే, పంపింగ్ ఎంత ఉన్నవాళ్ల గురించి మాట్లాడుతున్నారో అడగండి.

ఇంకో మాట. నాన్నగారికి పెద్దగా ఇబ్బంది ఏమీ లేదు, కొంచెం నీరసం అంతే అని రాశారు. పర్సిస్టెంట్ ఏఎఫ్‌లో ఇది చాలా సాధారణం. దడ వచ్చి పోతుంటే తేడా తెలుస్తుంది, నెలల తరబడి ఒకేలా ఉంటే ఆ స్థితికి అలవాటు పడిపోతారు, మెట్లెక్కడం మానేస్తారు, సాయంత్రం నడక తగ్గించుకుంటారు, వయసు మీద పడిందిలే అనుకుంటారు. షాక్ ఇచ్చాక లయ సరిగ్గా ఉన్న ఆ మూడు వారాల్లో ఆయన ఎలా ఉన్నారో గుర్తు చేసుకోమనండి, ఇంకా మంచిది అమ్మగారిని అడగండి. ఆ రోజుల్లో చురుగ్గా ఉన్నారంటే, అబ్లేషన్ తర్వాత ఆయనకు ఏం దొరకవచ్చో మీకు ముందే ఒక నమూనా దొరికినట్టు. ఆ మూడు వారాల్లోనూ ఏ తేడా లేదంటే, అది కూడా డాక్టరుకి చెప్పాల్సిన విషయమే.

ఇక అసలు లోపల ఏం చేస్తారు అన్నది. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసాగెర్ బృందం, ఏఎఫ్‌ని రగిల్చే అదనపు స్పందనల్లో అత్యధిక భాగం ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే పల్మనరీ సిరల్లో పుడుతున్నాయని చూపించింది. అప్పటినుంచి ఈ చికిత్సకు పునాది అదే: గజ్జల్లోని సిర గుండా సన్నటి గొట్టాలు పైకి పంపి, రెండు కర్ణికల మధ్య గోడను దాటి, ఆ సిరల ముఖద్వారాల చుట్టూ కణజాలాన్ని నిర్వీర్యం చేసి, అక్కడి విద్యుత్తు కర్ణికలోకి రాకుండా కట్టడి చేయడం. వచ్చిపోయే ఏఎఫ్‌కి ఇది చాలావరకు సరిపోతుంది. పర్సిస్టెంట్‌లో గోడ కూడా చెడింది కాబట్టి సిరలొక్కటే కట్టడి చేస్తే చాలదు, ఇంకా ఎక్కువ కాల్చాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. మా రంగం కూడా ఏళ్ల తరబడి అలాగే నమ్మింది.

అధ్యయనాలు మాత్రం ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. 2015లో స్టార్ ఏఎఫ్ 2 లో పర్సిస్టెంట్ ఏఎఫ్ ఉన్న 589 మందిని మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి సిరల కట్టడి ఒక్కటే, రెండో వర్గానికి దాంతోపాటు చిందరవందర సంకేతాలున్న చోట్లు కాల్చడం, మూడో వర్గానికి దాంతోపాటు కర్ణికలో గీతలు గీసినట్టు కాల్చడం. 18 నెలలకు ఏఎఫ్ తిరిగి రానివాళ్లు మొదటి వర్గంలో 59 శాతం, మిగతా రెండింట్లో 49, 46. గణాంకపరంగా తేడా లేదు, కానీ ఎక్కువ కాల్చినందుకు లాభమైతే ఏమీ కనిపించలేదు. 2022లో డెకాఫ్ 2 లో ఎంఆర్ఐలో కనిపించిన మచ్చ కణజాలాన్ని వెతికి మరీ కాల్చారు, 2023లో కాప్లాలో కర్ణిక వెనక గోడను కూడా వేరు చేశారు, రెండింట్లోనూ ఏఎఫ్ తిరగబెట్టడం తగ్గలేదు. అదనంగా కొంచెం లాభం చూపించినదాంట్లో 2020 నాటి వీనస్ ఉంది, మార్షల్ సిర అనే చిన్న సిరలోకి ఆల్కహాల్ ఎక్కించే పద్ధతి, అది అందరూ చేసే పని కాదు, నేర్పు కావాలి. కాబట్టి మొదటిసారి వెళ్తున్నప్పుడు సిరల కట్టడి గట్టిగా, ఖాళీలు లేకుండా చేసే డాక్టరు కావాలి. అదనపు గీతలెన్ని గీస్తారన్నదాన్ని బట్టి ఎవరినీ ఎంచుకోవద్దు. అసంపూర్ణంగా మిగిలిపోయిన గీత తర్వాత ఏట్రియల్ ఫ్లట్టర్ అనే కొత్త లయకు దారి అవుతుంది, అది కొన్నిసార్లు అసలు ఏఎఫ్ కన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

పల్స్‌డ్ ఫీల్డ్ గురించి. వేడితో చేసేది రేడియోఫ్రీక్వెన్సీ, చలితో చేసేది క్రయో, కొత్తది అతి తక్కువ సమయంలో బలమైన విద్యుత్ క్షేత్రం ఇచ్చి కండర కణాల పొరల్లో రంధ్రాలు చేస్తుంది. గుండె కండరం దీనికి లొంగినంత తేలిగ్గా పక్కనున్న అన్నవాహిక, నరాలు దెబ్బతినవు, పని కూడా త్వరగా అయిపోతుంది. అవి నిజమైన లాభాలే. కానీ 2023లో వచ్చిన అడ్వెంట్ అధ్యయనంలో, అదీ వచ్చిపోయే ఏఎఫ్ ఉన్నవాళ్లలో, పాత పద్ధతులతో సమానమైన ఫలితం వచ్చింది తప్ప మించిన ఫలితం రాలేదు. దానికంటూ సొంత ఇబ్బందులూ ఉన్నాయి: పల్స్‌లు మరీ ఎక్కువ ఇస్తే ఎర్ర రక్తకణాలు చితికి కిడ్నీల మీద భారం పడవచ్చు, గుండె రక్తనాళం దగ్గర ఇస్తే అది కాసేపు బిగుసుకోవచ్చు. నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో ముందే చూసుకోండి. మీ డాక్టరుకి ఏ పద్ధతిలో చేయి తిరిగి ఉందో దాంతో చేయించుకోవడం, కొత్త మెషీన్ కోసం ఆరు నెలలు ఎదురుచూడటం కన్నా మంచిదని నా నమ్మకం.

పూర్తిగా పోతుందా అన్నదానికి నిజాయితీగా జవాబు: గ్యారంటీ లేదు. పర్సిస్టెంట్ ఏఎఫ్‌లో ఒక ప్రొసీజర్ తర్వాత ఏడాది, ఏడాదిన్నరకు సుమారు సగం నుంచి మూడింట రెండొంతుల మంది ఏఎఫ్ లేకుండా ఉంటారు, కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది. రెండోసారి వెళ్లి చూస్తే తరచుగా కనిపించేది, కట్టడి చేసిన సిరల్లో ఒకటో రెండో మళ్లీ తెరుచుకోవడం. అయితే ఈ శాతాల్ని ఎలా లెక్కిస్తారో కూడా తెలుసుకోండి. అధ్యయనాల్లో 30 సెకన్ల పాటు ఏఎఫ్ కనిపించినా విఫలమైనట్టే రాస్తారు. రోజంతా, నెలంతా ఏఎఫ్‌లో ఉన్న మనిషికి ఇప్పుడు రెండు మూడు నెలలకోసారి కొన్ని గంటలే వస్తుంటే అది కూడా ఆ లెక్కలో ఫెయిలే, కానీ ఇంట్లోవాళ్ల లెక్కలో, పంపింగ్ లెక్కలో అది పెద్ద గెలుపు. అందుకే ఏఎఫ్ భారం అంటే మొత్తం సమయంలో ఏఎఫ్‌లో గడిపిన వాటా ఎంత తగ్గింది అన్నది అడగండి. ఇదంతా మానసిక ప్రభావమే అని వాదించేవాళ్లు మీకు ఎదురవుతారు. 2024లో 126 మందితో చేసిన షామ్ పీవీఐ అధ్యయనంలో సగంమందికి ఉత్తుత్తి ప్రొసీజర్ చేసి పోల్చారు, నిజంగా చేయించుకున్నవాళ్లలోనే ఏఎఫ్ భారం ఎక్కువ తగ్గింది, లక్షణాలూ ఎక్కువ మెరుగయ్యాయి.

రక్తం పలచబడే మందు మీద మీ ఆశ నాకు అర్థమవుతుంది, చాలా ఇళ్లలో అబ్లేషన్‌కి ఒప్పుకునేది దీని కోసమే. కానీ ఆ మందు ఆపడానికే అయితే ఈ ప్రొసీజర్ చేయించవద్దు. తర్వాత కనీసం రెండు మూడు నెలలు అందరూ వాడాల్సిందే, కాల్చిన చోట గడ్డలు కట్టే ప్రమాదం ఆ సమయంలోనే ఎక్కువ. ఆ పైన నిర్ణయం లయను బట్టి ఉండదు, పక్షవాతం ముప్పు స్కోరును బట్టి ఉంటుంది. నాన్నగారికి బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, ఇప్పటికే 2 ఉంది, 65 నిండగానే ఇంకొకటి కలుస్తుంది. మార్గదర్శకాల ప్రకారం ఆయన కొనసాగించాల్సిన వర్గంలోనే ఉన్నారు. ఈసీజీ ఎంత చక్కగా ఉన్నా, ఏ లక్షణమూ లేని ఏఎఫ్ నిద్రలో వచ్చిపోవచ్చు. ఆపాలా వద్దా అన్నది ఆయన డాక్టరు స్కోరు చూసి, రక్తస్రావం ముప్పు చూసి చెప్పాలి, మనం ఇంట్లో తీసుకునే నిర్ణయం కాదు.

ప్రమాదాల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. గజ్జల దగ్గర రక్తం గూడుకట్టడం అన్నిటికన్నా సాధారణం, చాలావరకు దానంతట తగ్గుతుంది. గుండె చుట్టూ రక్తం చేరడం సుమారు నూటికి ఒకరిలో, అది వెంటనే కనిపెట్టి సూదితో తీసేస్తారు, అందుకే అన్ని ఏర్పాట్లూ ఉన్న చోట చేయించాలి. పక్షవాతం అంతకన్నా అరుదు. ఇవి చాలావరకు ఆసుపత్రిలో ఉండగానే బయటపడతాయి. ఇంటికొచ్చాక బయటపడేది ఒకటుంది, చాలా చాలా అరుదు కానీ ప్రాణాంతకం, అందుకే దాని మీద ఎక్కువసేపు నిలబడతాను: కర్ణికకీ దాని వెనకే ఆనుకుని ఉన్న అన్నవాహికకీ మధ్య రంధ్రం పడటం. వేడితో చేసినప్పుడే ఎక్కువగా చూశాం. ప్రొసీజర్ అయిన వారం నుంచి రెండు నెలల లోపు జ్వరం, చలి, ఛాతీ నొప్పి, మింగితే నొప్పి, రక్తం వాంతి, చేయో కాలో పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా మామూలు జ్వరమని ఇంట్లో ఉండిపోవద్దు. అబ్లేషన్ చేసిన చోటికి ఫోన్ చేసి వెంటనే వెళ్లండి. వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే మొదటి మాటగా ఫలానా తేదీన ఎడమ కర్ణికలో అబ్లేషన్ అయిందని చెప్పండి, ఛాతీకి సీటీ తీయమని అడగండి, గొంతులోంచి ఎండోస్కోపీ మాత్రం చేయించవద్దు. ఎండోస్కోపీలో ఎక్కించే గాలి ఆ రంధ్రం గుండా గుండెలోకి, అక్కడి నుంచి మెదడుకి వెళ్తుంది. ఇది కుటుంబంలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

తర్వాతి మొదటి రెండు నెలల్లో ఏఎఫ్ మళ్లీ కనిపిస్తే కంగారుపడకండి. కాలిన చోట వాపు ఉంటుంది, మచ్చ గట్టిపడటానికి సమయం పడుతుంది, ఆ కాలంలో వచ్చినదాన్ని వైఫల్యంగా లెక్కించరు. అవసరమైతే మళ్లీ షాక్ ఇస్తారు. నాడి ముందుకన్నా పది పదిహేను ఎక్కువ కొట్టుకోవచ్చు, లయ సరిగ్గా ఉంటే అది చెడు సూచన కాదు. అమియోడరోన్ సాధారణంగా ఆ రెండు మూడు నెలలు ఉంచి ఆపడానికి ప్రయత్నిస్తారు. ఆ మందు థైరాయిడ్, లివర్ మీద ప్రభావం చూపవచ్చు, వాటి పరీక్షలు చేయించారా? లేకపోతే ఈ వారమే చేయించండి.

ఇప్పుడు డాక్టరు చేతిలో లేనిది, మీ చేతిలో ఉన్నది. బరువు ఎంతో మీరు రాయలేదు. ఎక్కువ ఉంటే 2015లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లెగసీ అధ్యయనం గురించి డాక్టరుని అడగండి: శరీర బరువులో పదో వంతు తగ్గించి నిలబెట్టుకున్నవాళ్లు, తగ్గించనివాళ్లతో పోలిస్తే ఏఎఫ్ లేకుండా ఉండే అవకాశం ఆరు రెట్లు. మద్యం అలవాటుంటే మానేయడం కూడా చికిత్సే, 2020లో అదే దేశం నుంచి వచ్చిన అధ్యయనంలో మానేసినవాళ్లలో ఏఎఫ్ తిరగబెట్టడం 53 శాతం, మాననివాళ్లలో 73. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందా? అయితే నిద్ర పరీక్ష చేయించండి. రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ, కర్ణిక సాగుతూ ఉంటే పగలు చేసిన అబ్లేషన్ ఎంత మంచిదైనా దాని మీద రోజూ దెబ్బ పడుతూనే ఉంటుంది. బీపీ ఇంట్లో కొలిచి రాసిపెట్టండి. వీటిని నేను చివర్లో చెప్పే మర్యాదపూర్వక సలహాలుగా రాయడం లేదు, ఎక్కువ గీతలు కాల్చడం వల్ల రాని లాభం వీటిలో కొన్నిటివల్ల వచ్చింది.

అబ్లేషన్ వద్దని నేను చెప్పే సందర్భాలూ ఉన్నాయి. ఎడమ కర్ణికలో గడ్డ కనిపిస్తే అది కరిగేదాకా ఎవరూ చేయరు. మైట్రల్ కవాటం (ఎడమ కర్ణికకీ దాని కింది గదికీ మధ్య ఉండేది) బాగా ఇరుకైనవాళ్లకు ముందు కవాటం సంగతి చూడాలి. కర్ణిక 55 మి.మీ. దాటి, ఏఎఫ్ నాలుగైదు ఏళ్లుగా ఆగకుండా ఉంటే ఫలితం మీద నాకు ఆశ తక్కువ. అలాంటివాళ్లకు నాడి వేగాన్ని మందులతో అదుపులో ఉంచడం, అది కుదరకపోతే పేస్‌మేకర్ పెట్టి, కర్ణికల నుంచి కింది గదులకు విద్యుత్తును దాటించే ఏవీ నోడ్‌ని అబ్లేట్ చేయడం మంచి దారులే. 2002 నాటి అఫర్మ్ అధ్యయనంలో 4,060 మందిలో వేగం అదుపు, లయ అదుపు రెండూ బతుకుదల విషయంలో సమానంగానే నిలిచాయి. అప్పట్లో లయ అదుపు అంటే ప్రధానంగా మందులే, ఆ సంగతీ గుర్తుంచుకోవాలి. నాన్నగారు ఈ వర్గంలోకి ఇంకా రాలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పాత ఎకోలన్నీ పట్టుకెళ్లండి. పర్సిస్టెంట్ కేసులు వారు ఎన్ని చేస్తారు, వారి దగ్గర గుండె చుట్టూ రక్తం చేరడం ఎంతమందిలో జరిగింది, మళ్లీ వస్తే రెండోసారి ఎప్పుడు ఆలోచిస్తారు, సిరలు కాక ఇంకేమైనా కాల్చే ఉద్దేశం ఉందా, ఉంటే ఎందుకు, ఇవి అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు చిరాకు పడరు. తేదీ ఖరారయ్యాక రక్తం పలచబడే మందు ఒక్క పూట కూడా తప్పకూడదు, ముందు మూడు వారాలు మరీ ముఖ్యం. ఏదైనా పూట మరచిపోయి ఉంటే దాచకుండా చెప్పమనండి, అప్పుడు గొంతులోంచి ఎకో చేసి గడ్డ లేదని చూసుకున్నాకే మొదలుపెడతారు.